వాండర్వెల్డ్ శాసనమూ, ఒక సీసా బీరూ

ఈ శీర్షిక చూసి పాఠకుల్లో కొందరు మొహం చిట్లిస్తారని ఎరుగుదును. విమర్శకూ, చరిత్ర చర్చకూ కేటాయించిన పుటల్లో బీరు గురించి రాయటమేమిటని అడగవచ్చు. బట్ట చరిత్ర రాస్తే ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఉప్పు చరిత్ర, నీలిమందు చరిత్ర అంటే పాఠ్యగ్రంథాల్లో చేరుస్తాం. తాగుడు దగ్గరకు వచ్చేసరికి మాత్రం మనం చరిత్రకారులం కావటం మానేసి నీతిబోధకులమవుతాం. లేదా మౌనం వహిస్తాం. శ్రమజీవి కూలిడబ్బుల్ని ఒక చేత్తో లాక్కుంటూ, ప్రభుత్వ ఖజానాను మరొక చేత్తో నింపుతూ వుండే వస్తువు గురించి ఈ మౌనం మనకు తగినది కాదని నా అభిప్రాయం. నేను తాగుడు అలవాటున్నవాణ్ణి కాను; పరమ నియమపరుణ్ణీ కాను. ఆ సంగతి ముందే చెప్పేస్తే మిగతా మాటలు తీరిగ్గా చెప్పుకోవచ్చు.

నా పూర్వ విద్యార్థి ఒకడు బెల్జియంలోని లూవెన్ నగరంలో పరిశోధన చేస్తున్నాడు. పోయిన చలికాలం అతని దగ్గర మూడు వారాలున్నాను. ఒక సాయంత్రం భోజనానికి ముందు బల్లమీద ఒక పెద్ద సీసా తెచ్చి పెట్టాడు. "మాష్టారూ, మీరు మాకు పాఠాల్లో చెప్పిన బెల్జియం సగమే. మిగతా సగం ఇందులో వుంది," అన్నాడు. సీసా మీద ఎర్రటోపీ పెట్టుకున్న గడ్డపు మరుగుజ్జు బొమ్మ. ఆ టోపీ చూసి, ఇదెవరో మనవాడే అనుకున్నాను. కాదట. ఆర్డెన్ కొండల్లో అషూఫ్ అనే పల్లె వుంది. అక్కడి జానపద కథల్లోని గుట్టదయ్యమట. ఆ బీరు పేరు లా షూఫ్. సారం 8 శాతం. మన ఊళ్ళలో మామూలుగా అమ్మే తేలిక బీరు 5 శాతం చుట్టూ వుంటుందని గుర్తు పెట్టుకుంటే ఇది ఎంత బలమైనదో తెలుస్తుంది.

పక్కింటి ముసలాయన కూడా వచ్చి కూర్చున్నాడు. ఒక బీరు కర్మాగారంలో పనిచేసి విరమించినవాడు. పొయ్యటం నీకు చేతకాదని మా వాడి చేతిలోంచి సీసా లాక్కుని, గ్లాసు ఏటవాలుగా పట్టి, అడుగున మడ్డి కదలకుండా నెమ్మదిగా పోశాడు. రంగు లేత బంగారం, కాస్త మబ్బు పట్టినట్టు. పైన తెల్లటి నురుగు, అరచేతి మందాన, ఎంతకీ అణగదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చారుపొడి డబ్బా మూత తీసినట్టయింది! ధనియాలు. ముసలాయన నిమ్మ వాసనన్నాడు. మా వాడు ఏదో పండు వాసనన్నాడు. నాకు మాత్రం ధనియాలే. అడిగితే నిజమేనని తేలింది. కాచేటప్పుడు ధనియాలు వేస్తారు. నోట్లో పోసుకుంటే మొదట తీపి. తర్వాత మిరియంలాంటి, లవంగంలాంటి చురుకు. చివర సన్నని చేదు. మింగిన కాసేపటికి గొంతునుంచి గుండెదాకా వెచ్చదనం. లవంగం వెయ్యలేదట. ఆ చురుకు ఈస్టు చేసే పని. తాటికల్లు పొద్దున తీపిగా వుండి పొద్దెక్కేకొద్దీ మారినట్టే, ఇది సీసాలో పోసి బిరడా బిగించాక కూడా లోపల పులుస్తూనే వుంటుంది. అడుగున వున్న మడ్డి ఆ ఈస్టే.

"వెయ్యేళ్ళ సంప్రదాయం" అన్నాడు ముసలాయన గర్వంగా. నేను తలాడించాను. కాని ఇంటికి తిరిగివచ్చేలోగా, చూసినవీ చదివినవీ కలుపుకుంటే, ఆ వెయ్యేళ్ళలో చాలా భాగం నిన్నమొన్నటిదని తేలింది. పాతది ఏదైనా వుంటే అది రుచి కాదు, పన్ను.

ఐరోపాలో హాప్ పువ్వు అలవాటు కాకముందు, నేటి బెల్జియం, హాలెండు ప్రాంతాల్లో బీరులో గ్రూట్ అనే ఆకుల మిశ్రమం వేసేవారు. చిత్తడి నేలల్లో పెరిగే ఒక సువాసన పొద ఆకు అందులో ముఖ్యం. ఆ మిశ్రమాన్ని ఎవరికి వారు కలుపుకోవటానికి వీల్లేదు. దాన్ని తయారుచేసి అమ్మే హక్కు రాజులనుంచి బిషప్పులకూ, కౌంటులకూ, వారినుంచి కొన్ని కుటుంబాలకూ సంక్రమించింది. బీరు కాచే ప్రతివాడూ ఆ ఇంటికి వెళ్ళి, వాళ్ళు చెప్పిన ధరకు, అందులో ఏముందో తెలియని పొడి కొనుక్కోవాలి. బ్రూజ్ నగరంలో గ్రూట్‌హూసె మహలు ఇప్పటికీ వుంది, మ్యూజియంగా చూపిస్తున్నారు. ఆ వంశానికి ఆ పేరు, ఆ సంపదలో మంచి భాగం, ఈ గ్రూట్ హక్కునుంచే వచ్చాయి. చెక్కడపు రాళ్ళనూ, తివాచీలనూ చూసి యాత్రికులు ఆశ్చర్యపోతుంటారు. ఆబ్కారీ గుత్తేదార్ల మేడలు ఎరిగిన తెలుగువాడికి అంత ఆశ్చర్యం కలగదు. తర్వాత 14వ శతాబ్దం నుంచి ఉత్తర జర్మనీ రేవుల హాప్ బీరు వచ్చి గ్రూట్‌ను క్రమంగా గెంటివేసింది. ప్రభువులు హాప్ మీద కూడా పన్ను వేసి నష్టం పూడ్చుకున్నారు. ఆకు మారింది, హక్కు మారలేదు.

ధనియాలు వేసే అలవాటు బ్రబాంట్ గోధుమ బీరులో, ముఖ్యంగా హూగార్డెన్ అనే ఊరి తెల్ల బీరులో నిలిచింది. అందులో ధనియాలతోపాటు ఎండబెట్టిన నారింజ తొక్క కూడా వేస్తారు. ఆ తొక్కకు కురసావ్ అని పేరు. అది ఒక ద్వీపం పేరు. కరీబియన్ సముద్రంలో వున్న ఆ ద్వీపంలో స్పెయిన్‌వాళ్ళు తీపి నారింజ పండిద్దామని మొక్కలు నాటితే, ఆ ఎండకూ ఆ నేలకూ పండు తినరానంత చేదయింది. తొక్కలో మాత్రం సువాసన మిగిలింది. 1634లో డచ్చివారు ఆ ద్వీపాన్ని పట్టుకుని, ఆఫ్రికానుంచి తెచ్చిన బానిసలను అమ్మే పెద్ద సంతగా మార్చారు. 1795 ఆగస్టులో టూలా అనే బానిస నాయకత్వంలో అక్కడ తిరుగుబాటు జరిగింది. దాన్ని అణచి అతన్ని చిత్రహింసలతో చంపారు. 1863 వరకు అక్కడ బానిసత్వం చెల్లుబాటయింది. బీరులో ఆ తొక్క పరిమాణం చాలా స్వల్పం. దానికోసమే బానిసత్వం నడిచిందని నేననటం లేదు. ఫ్లాండర్స్ రైతు పొలంలో పుట్టిందనుకునే రుచిలోకి ఆ తొక్క ఏ ఓడలమీద వచ్చిందో చెప్పటం వరకే నా ఉద్దేశం.

ఇక సన్యాసుల సంగతి. బెల్జియం బీరు అనగానే మఠమూ, గుండు, నల్ల కండువా బొమ్మలూ కనిపిస్తాయి. ట్రాపిస్టు మఠాలు బీరు కాచి అమ్మటం నిజమే. కొన్ని చాలా మంచివని తాగినవారు చెబుతారు. కాని మధ్యయుగాల మఠాలను ఫ్రెంచి విప్లవం ఊడ్చివేసింది. నేడున్న వెస్ట్‌మాలె మఠం 1794లో విప్లవానికి జడిసి పారిపోయి వచ్చిన సన్యాసులు కట్టుకున్నది. వారు తమ బీరు తాము మొదటిసారి తాగింది 1836లో. లోకమంతా అనుకరించే, 9.5 శాతం బలమున్న వారి లేతరంగు త్రిపెల్ పుట్టింది 1934లో. అంటే మన ప్రథమ అభ్యుదయ రచయితల మహాసభకు రెండేళ్ళ ముందు! లెఫ్ అనే మఠం బీరు కథ ఇంకా చిత్రమైనది. 1952లో ఆ మఠాధిపతికీ ఒక బీరు వ్యాపారికీ కుదిరిన ఒప్పందం దానికి మూలం. నేడు అది కాగేది మఠంలో కాదు. మా విద్యార్థి ఇంటికి కూతవేటు దూరంలో, లూవెన్‌లో వున్న ప్రపంచ గుత్త సంస్థ కర్మాగారంలో. మఠానికి పేరు వాడుకున్నందుకు సొమ్ము ముడుతుంది.

అయితే బలం ఎక్కడినుంచి వచ్చింది? 8, 9 శాతం బీరు ఒక దేశపు మామూలు కాఫీదుకాణాల్లో సర్వసాధారణం ఎందుకయింది? ఇక్కడే అసలు కథ. దాన్ని నడిపినవాడు సన్యాసి కాదు, సోషలిస్టు.

బ్రస్సెల్స్ నగర మధ్యంలో గ్రాండ్ ప్లాస్ అనే చౌకు వుంది. అందులో 10వ నెంబరు ఇల్లు బీరు కాచేవారి శ్రేణి భవనం, బంగారు మెరుగుతో. దాన్ని ఆనుకుని 9వ నెంబరు ఇంటి పేరు హంస. 1845నుంచి 1848 వరకు బ్రస్సెల్స్‌లో ప్రవాసమున్న మార్క్స్, జర్మన్ కార్మికుల సంఘంతో కలిసి 1847 సంవత్సరాన్ని సాగనంపిన రాత్రి ఆ ఇంట్లోనే గడిపాడు. 1885లో బెల్జియన్ కార్మిక పార్టీ స్థాపన జరిగింది కూడా ఆ ఇంట్లోనే. అప్పుడది తాగే దుకాణం. (తర్వాతి కాలంలో ఖరీదైన భోజనశాల అయింది. చరిత్రకు హాస్యప్రియత్వం కూడా వుంది.) ఇది కాకతాళీయం కాదు. పందొమ్మిదో శతాబ్దపు కార్మికుడికి సమావేశం జరుపుకోవటానికి మరొక చోటు లేదు. ఇల్లు ఒక గది, చర్చి శత్రువుది, పురపాలక మందిరం యజమానులది. పానశాల తప్ప శ్రామికవర్గానికి స్వేచ్ఛగా కూర్చునే చోటు లేదని 1891 ప్రాంతాల జర్మన్ సోషలిస్టు పత్రికలో కౌట్స్కీ వాదించాడు. అంతకుముందే, 1876లో, ఎంగెల్స్ ఈ ప్రశ్నను మరొక వైపునుంచి తెరిచాడు: బంగాళదుంపలనుంచి తీసే చౌకబారు సారాయి వెనుక ప్రష్యా భూస్వాముల ఆదాయం ఎట్లా దాగివుందో చూపించాడు. తాగేవాడి బలహీనతనుంచి కాక కాచేవాడి లాభంనుంచి లెక్క మొదలుపెట్టడమే ఆ వ్యాసంలోని గొప్ప.

బెల్జియంలో ఆ చౌకబారు సారాయికి జెనీవర్ అని పేరు. బొగ్గుగనుల్లో, నేత మిల్లుల్లో మేస్త్రీలే పానశాలలు నడిపేవారు. జీతాలు అక్కడే పంచేవారు. జీతం చేతికందేలోపే అందులో కొంత గ్లాసులోకి జారేది. 1886లో వలోనియా గనికార్మికులు తిరగబడి, కాల్పులకు గురై, దేశాన్ని కుదిపివేసిన తర్వాతనే, 1887లో పానశాలలో జీతం పంచరాదని చట్టం వచ్చింది. ఈ వాతావరణంలో పెరిగినవాడు ఎమిల్ వాండర్వెల్డ్. 1866లో సంపన్న కుటుంబంలో పుట్టి, న్యాయశాస్త్రం చదివి, కార్మిక పార్టీలో చేరి, 1900నుంచి రెండవ ఇంటర్నేషనల్ కార్యాలయానికి అధ్యక్షుడైన వ్యక్తి. మద్యానికి ఆజన్మ శత్రువు. ఘెంట్‌లో కార్మికుల రొట్టెల సహకార సంఘం, బ్రస్సెల్స్‌లో 1899లో విక్టర్ హోర్టా ఇనుమూ గాజూ కలిపి కట్టిన ప్రజాగృహం ఆ ఉద్యమపు కోటలు. ఆ ఇళ్ళలో కార్మికుడు రొట్టె తిన్నాడు, బీరు తాగాడు, ఉపన్యాసం విన్నాడు. ఆ ప్రజాగృహాన్ని 1965లో కూలగొట్టి ఆకాశహర్మ్యం లేపారు. అది వేరే దుఃఖం.

యుద్ధం ముగిశాక వాండర్వెల్డ్ న్యాయశాఖ మంత్రి అయ్యాడు. పురుషులందరికీ సమానమైన ఒక్క ఓటు 1919లోనే మొదటిసారి అమలయింది. అదే 1919 ఆగస్టు 29న అతని పేరుతో నేటికీ పిలిచే మద్య శాసనం వచ్చింది. బహిరంగ స్థలాల్లో, అంటే కాఫీదుకాణాల్లో, పానశాలల్లో, భోజనశాలల్లో, సారాయి అమ్మరాదు, తాగరాదు. ఇంటికి తీసుకుపోయేటట్లయితే దుకాణంలో ఒక్కసారి కనీసం రెండు లీటర్లు కొనాలి. బీరుకూ, ద్రాక్షసారాకూ ఈ నిషేధం వర్తించదు. ఈ చట్టం కొద్దిపాటి మార్పులతో 1983 చివరిదాకా, అంటే అరవై నాలుగేళ్ళు, అమలులో వుంది!

పానశాలను మూయకపోవటంలో వివేకముంది. పార్టీ పుట్టిన చోటును పార్టీయే ఎట్లా మూస్తుంది? గ్లాసు మార్చారు, బల్ల వుంచారు. జెనీవర్‌కు అలవాటు పడ్డ గొంతు తేలిక బీరుతో తృప్తి పడలేదు. బీరు వ్యాపారులు ఆ సంగతి వెంటనే గ్రహించారు. యుద్ధకాలంలో జర్మన్ సైన్యం వారి రాగి కాగులను ఊడదీసుకుపోయింది. ముడిసరుకు లేక నీళ్ళవంటి బీరు కాచి పరువు పోగొట్టుకున్నారు. ఇప్పుడు కలకండ, చక్కెర పాకం కలిపి, ఈస్టుకు మరింత మేత ఇచ్చి, ఒళ్ళు బరువెక్కకుండా సారం పెంచిన బీరు తీశారు. బ్రీన్‌డాంక్ గ్రామంలో మోర్ట్‌గాట్ కుటుంబం స్కాట్లండునుంచి తెచ్చిన ఈస్టుతో యుద్ధ విజయానికి గుర్తుగా 'విక్టరీ' పేరుతో ఒక బీరు అమ్మింది. అది తాగి ఒక చెప్పులు కుట్టేవాడు "ఇది నిజంగా దయ్యమే" అన్నాడని చెబుతారు. 1923నుంచి దాని పేరు దయ్యమే, దూవెల్. సారం 8.5 శాతం. (ఆ బ్రీన్‌డాంక్ పేరు నాకు మరొక విధంగా తెలుసు. ఆ ఊరి పక్క కోటలో 1940నుంచి 1944 వరకు నాజీలు నడిపిన చెరసాలలో సుమారు 3500 మందిని బంధించారు. వారిలో కమ్యూనిస్టులు చాలామంది. కోట చూసి బయటకు వస్తే రోడ్డుమీద ఆ దయ్యపు బీరు ప్రకటన కనిపిస్తుంది. కోట గోడల చల్లదనం ఒంట్లో వుండగా ఆ పేరు చదవటం నాకు కష్టమయింది.)

బలమైన బీరుకు శాసనం ఒక్కటే కారణమనటం యాంత్రికం. యుద్ధానంతరం ఇంగ్లీషు, స్కాటిష్ బీర్ల మోజు వుంది. చిన్న వ్యాపారులు చిల్లర బీరులో పెద్దవారితో పోటీ పడలేక ప్రత్యేక సరుకు వైపు తిరిగారు. శతాబ్దపు తొలిపాదంలో 3000కు పైగా వున్న బీరు బట్టీలు తర్వాత వందలకు కుదించుకుపోయాయి. మిగిలినవాటిని కాపాడింది ఈ ప్రత్యేకతే. కాని ఆ దారిని చట్టం వెడల్పు చేసిందనటంలో సందేహం లేదు. కార్మికుణ్ణి బలమైన తాగుడునుంచి తప్పించటానికి చేసిన చట్టం బలమైన బీరుకు మంత్రసాని అయింది.

ఇంతవరకు ఎవరైనా చెబుతారు; బీరు ప్రియుల పుస్తకాలన్నిటా వుంది. ఆ పుస్తకాలు దాటవేసే మాట ఆ రెండు లీటర్లు. రెండు లీటర్ల జెనీవర్ ఒక్కసారి కొనగలవాడెవడు? డాక్టరు, వకీలు, మిల్లు మేనేజరు. వారి ఇంటి అలమారలో సీసా వుంటుంది. అతిథి వస్తే మూత తీస్తారు. చట్టానికి ఏ భంగమూ లేదు. రోజుకూలివాడు రెండు లీటర్లకు సరిపడే సొమ్ము ఒక్కచోట చూసేది అరుదు. ఆ నిబంధన పొరపాటున పడలేదు. దాని ఉద్దేశమే అది: పేదవాడి చేతికి అందకుండా చెయ్యటం. వ్యసనం ఎవరికి ప్రమాదమో వారినుంచే దాన్ని దూరం చేశామని సమర్థించేవారున్నారు. సారాయి వల్ల కూలిన కుటుంబాలు ఎక్కువగా కూలివారివేననటం అబద్ధం కాదు. కాని ఒక సోషలిస్టు చేతిమీదుగా ధనికుడికి ఒక న్యాయం, పేదకు ఒక న్యాయం చట్టగ్రంథంలోకి ఎక్కింది. ఓటులో సమానత్వం వచ్చిన సంవత్సరమే గ్లాసులో అసమానత్వం వచ్చింది.

దీన్ని చదువుతుంటే నాకు నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తుకు రాకుండా వుండలేదు. 1992లో అక్కడి ఆడవాళ్ళు, అక్షరాస్యత తరగతిలో 'సీతమ్మ కథ' పాఠం చదువుకుని, సారా దుకాణం ముందు నిలబడ్డారు. ఆ ఉద్యమం జిల్లాను దాటి రాష్ట్రమంతటా వేలంపాటలను ఆపింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. సంపూర్ణ నిషేధం 1997లో పోయింది, ఖజానా గెలిచింది. రెండు కథలూ ఒకటి కావు. అక్కడ పార్టీ పైనుంచి చట్టం దించింది; ఇక్కడ ఊరి ఆడవాళ్ళు కిందనుంచి చట్టాన్ని లాగారు. బెల్జియంలో స్త్రీలకు పార్లమెంటు ఎన్నికల్లో సంపూర్ణ ఓటుహక్కు 1948లో గాని రాలేదు; 1919 శాసనం చేసిన సభలో తాగుబోతు భార్య మాట వినిపించటానికి ఒక్క స్త్రీ లేదు. అయినా ఒక పోలిక మిగులుతుంది. దూబగుంట రోసమ్మ వంటివారు అడిగిన ప్రశ్న, ఎంగెల్స్ వేసిన ప్రశ్న ఒకటే: ఈ సరుకు అమ్మి బాగుపడుతున్నదెవరు? వాండర్వెల్డ్ శాసనం ఆ ప్రశ్న వెయ్యలేదు. తాగేవాణ్ణి దిద్దింది, కాచేవాణ్ణి వదిలేసింది.

ఆ మనిషిని ఒక్క గీతలో గీయటం కష్టం. 1914 ఆగస్టులో అంతర్జాతీయవాదాన్ని పక్కనబెట్టి యుద్ధ ప్రభుత్వంలో చేరాడు. 1917లో రష్యాకు పోయి యుద్ధం కొనసాగించమని అక్కడివారికి బోధించాడు. లెనిన్ అతన్ని ఎందుకు క్షమించలేదో వేరే చెప్పనక్కరలేదు. కాని లియొపోల్డ్ రాజు కాంగోలో సాగించిన రబ్బరు దారుణాల మీద పార్లమెంటులో గట్టిగా గొంతెత్తినవారిలో అతనొకడు. 1909లో కాసాయి రబ్బరు కంపెనీ, తన అకృత్యాలను బయటపెట్టిన షెప్పర్డ్ అనే నల్లజాతి అమెరికన్ మిషనరీమీద పరువునష్టం దావా వేస్తే, వాండర్వెల్డ్ లియొపోల్డ్‌విల్ దాకా ప్రయాణించి వాదించి కేసు గెలిపించాడు. ఈ రెండు ముఖాలూ ఆ మనిషివే.

కాంగో మాట వచ్చింది గనుక ఇంకొక్కటి చెప్పాలి. 1957లో స్టాన్లీవిల్ జైలునుంచి విడుదలై రాజధానికి వచ్చిన ఒక మాజీ తపాలా గుమాస్తా ఒక బీరు కంపెనీలో అమ్మకాల ఉద్యోగంలో చేరాడు. కంపెనీ బ్రాకాంగో, బీరు పోలార్. పోటీ బీరు ప్రైమస్. అతను నల్లవారి పేటల్లో దుకాణం దుకాణం తిరిగాడు, జనాన్ని పోగుచేశాడు, మాట్లాడాడు. ఆ ఉపన్యాసాలు సరుకుకోసం మొదలై స్వాతంత్య్రంకోసం సాగాయి. అతడే పత్రీస్ లుముంబా. 1960 జూన్ 30న స్వతంత్ర కాంగో ప్రధాని. 1961 జనవరి 17న హతుడు. అతని శరీరంలో మిగిలింది ఒక పన్ను. దాన్ని బెల్జియం ప్రభుత్వం 2022 జూన్‌లో అతని కుటుంబానికి అప్పగించింది. కౌట్స్కీ చెప్పిన పానశాల బొగ్గుగనుల ఊళ్ళలోనే కాదు, వలస దేశపు పేటల్లో కూడా వుండేది.

తిరిగి హూగార్డెన్‌కు. ఆ ఊరి తెల్ల బీరు కాచే చివరి బట్టీ 1957లో మూతపడింది. ఆ బట్టీ పక్కనే పెరిగిన పియెర్ సెలిస్ అనే పాలవాడు దాని రుచి మరచిపోలేక, 1966 ప్రాంతంలో తనే కాచటం మొదలుపెట్టాడు. ధనియాలు, నారింజ తొక్క, పచ్చి గోధుమ. జనం ఎగబడ్డారు. 1985లో బట్టీ తగలబడింది, భీమా చాలలేదు, పెద్ద కంపెనీ డబ్బిచ్చి వాటా తీసుకుంది, కొంతకాలానికి పాలవాడు తన బీరును వదిలి అమెరికాలోని టెక్సాస్‌కు వెళ్ళి 1992లో మళ్ళీ మొదలుపెట్టాడు. అక్కడా పెద్ద కంపెనీయే కొన్నది, కొని మూసింది. ఇటు బెల్జియం కంపెనీ 2004లో బ్రెజిల్ సంస్థతో కలిసి ఇన్‌బెవ్ అయింది. 2005లో హూగార్డెన్ కర్మాగారం మూసి ఉత్పత్తిని జూపిల్‌కు తరలిస్తామని ప్రకటిస్తే, కార్మికులూ ఊరివారూ వీధిలోకి వచ్చారు. 2007లో ఆ నిర్ణయం రద్దయింది. ఊరి పేరున్న బీరు ఊళ్ళోనే మిగిలింది. 2008లో సంస్థ అమెరికాలోని అన్‌హైజర్-బుష్‌ను మింగింది. 2010 జనవరిలో ఐరోపాలో ఉద్యోగాలు తీసేస్తామంటే, లూవెన్‌లో, జూపిల్‌లో కార్మికులు కర్మాగారాల ద్వారాలకు అడ్డంగా నిలబడి లారీలు కదలనీయలేదు. దుకాణాల్లో బీరు నిండుకుంది. పథకాన్ని పక్కన పెట్టక తప్పలేదు.

2016 అక్టోబరులో అదే సంస్థ పదివేల కోట్ల డాలర్లకు పైబడిన బేరంతో శాబ్‌మిల్లర్‌ను కూడా కలుపుకున్నది. ఆ సంస్థకు మన దేశంలో వున్న బట్టీలు కూడా, తెలంగాణలోని సంగారెడ్డి బట్టీతో సహా, అట్లా లూవెన్ ఏలుబడిలోకి వచ్చాయి. అదే సంవత్సరం నవంబరు చివర బెల్జియం బీరు సంస్కృతిని మానవజాతి వారసత్వ జాబితాలో యునెస్కో చేర్చింది. ఒక నెల పెట్టుబడికి, మరునెల సంస్కృతికి పట్టాభిషేకం! అషూఫ్ పల్లె బట్టీ సంగతి చెప్పలేదు కదూ. 1982లో ఇద్దరు తోడల్లుళ్ళు చిన్నగా మొదలుపెట్టారు. 2006లో ఆ దయ్యపు బీరు కంపెనీ కొన్నది. ఎర్రటోపీ అలాగే వుంది.

ఇవన్నీ ఆ రాత్రి నేను చెప్పలేదు. అప్పటికి సగం తెలియవు. శాసనం గురించి మాత్రం ముసలాయన్ను అడిగాను: 1983కు ముందు కాఫీదుకాణాల్లో జెనీవర్ నిజంగా దొరికేది కాదా అని. ఆయన పకపకా నవ్వాడు. దొరికేదట. కాఫీ కప్పులో పోసి, కింద సాసరు పెట్టి, కాఫీ అనే ఇచ్చేవారట. పోలీసువాడు వస్తే చెంచాతో తిప్పుతూ కూర్చునేవారట. అందరికీ ఇచ్చేవారా అని అడిగాను. అరువు పద్దు వున్నవాడికి ఇచ్చేవారు కాదు, రొక్కమిచ్చే పెద్దమనుషులకే అన్నాడు. తర్వాత సీసా ఎత్తి, అడుగున మిగిలిన మడ్డిని రెండుసార్లు తిప్పి కదిపి, వేరే చిన్న గ్లాసులో వంపుకున్నాడు. అది మేం తాగకూడదా అన్నాడు మా వాడు. బట్టీలో పనిచేసినవాళ్ళ వంతు అది అని, ఆయనే తాగేశాడు.